మూడో కెమెరా దగ్గర మెలిక తిరిగిన గట్టు

పర్లాకిమిడిలో మా జెరాక్స్ షాపుకి ఈ పెద్ద స్కానరు 2017 చివర్లో వచ్చింది. సెకండ్ హ్యాండు సరుకే. వెడల్పు 36 అంగుళాలు, లోపల నాలుగు కెమెరాలు. ఏ0 అనే పెద్ద సైజు ప్లాను కూడా మడత పెట్టకుండా పడుతుంది. స్కానింగు నాణ్యత గురించి నాకు ఫిర్యాదు లేదు. కానీ కెమెరాల క్యాలిబ్రేషన్, అంటే వాటిని సరిచూసి సర్దడం, నేర్చుకోకుండా దీన్ని కొంటే మాత్రం ఏదో ఒక రోజు పరువు పోతుంది. నాకు మూడో నెలలోనే పోయింది.

మా దగ్గరకు ఎక్కువగా వచ్చేవి మౌజా మ్యాపులు, అంటే ఊరి పొలాల హద్దులు చూపే మ్యాపులు. మైలుకు 16 అంగుళాల లెక్క, అంటే 1:3960. కాగితం మీద ఒక మిల్లీమీటరు పొలంలో దాదాపు నాలుగు మీటర్లు. పొలాలు కొలిచే అమీను గారు ఒకరు మేమిచ్చిన నకలు పట్టుకొచ్చి, "బాబూ, అసలు మ్యాపులో ఈ గట్టు తిన్నగా ఉంది. మీ దాంట్లో మెలిక తిరిగిందేంటి?" అన్నారు. అన్నదమ్ముల పంపకాల మ్యాపు అది. అర మిల్లీమీటరు మెలిక, రెండు మీటర్ల నేల. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

కారణం తర్వాత తెలిసింది. పక్కపక్కన ఉన్న కెమెరాలు తలా ఒక ముక్క చూస్తాయి. అంచుల్లో కాస్త ఒకదాని మీద ఒకటి పడిన భాగాన్ని సాఫ్ట్‌వేరు కలుపుతుంది. లారీ కుదుపుకో వేడికో ఒక కెమెరా వెంట్రుకవాసి జరిగినా అతుకు దగ్గర గీత తెగుతుంది. మాకు తెగింది సుమారు 27వ అంగుళం దగ్గర, మూడో, నాలుగో కెమెరాల మధ్య.

ఇప్పుడు నెలకోసారి, వానాకాలంలో రెండుసార్లు క్యాలిబ్రేషన్ చేస్తాను. మిషను ఆన్ చేసి అరగంట ఆగాలి. దీపం వేడెక్కకముందు చేస్తే మధ్యాహ్నానికి తెలుపు మారిపోతుంది. అద్దం మీద నేరుగా స్ప్రే కొట్టకూడదు, గుడ్డ మీద కొట్టి తుడవాలి. నకలు మీద పొడవాటి నల్ల చార వస్తే అద్దం మీద ఇప్పుడు దుమ్ము ఉన్నట్టు. తెల్ల చార వస్తే క్యాలిబ్రేషన్ చేసిన రోజు దుమ్ము ఉండి, తర్వాత పోయినట్టు. ఇది తెలియక నేను రెండు వారాలు తుడిచిన అద్దాన్నే తుడిచాను.

మిషను "ఓకే" అన్నా నమ్మను. పాలిస్టర్ ఫిల్ము మీద మూల నుంచి మూలకు ఒక ఏటవాలు గీత, నిలువునా సరిగ్గా 800 మి.మీ. గీత గీసి పెట్టుకున్నాను. కాగితమైతే మా వానలకు ఉబ్బుతుంది, కొలత నిలవదు. ఒకసారి పంపి, 180 డిగ్రీలు తిప్పి మళ్ళీ పంపుతాను. విరుపు రెండుసార్లూ మిషనులో అదే చోట కనిపిస్తే తప్పు కెమెరాది, షీటుతో పాటు జరిగితే నా గీతది. ఒకసారి 800 కాస్తా 803 చూపించింది. అది కెమెరా తప్పు కాదు, రోలర్లకు మురికి పట్టి షీటు జారింది.

క్యాలిబ్రేషన్ షీటు, అంటే సరిచేసేటప్పుడు మిషనుకు చూపించే నమూనా షీటు, గురించి ఒక మాట. మా మిషనుతో వచ్చినదానికి మధ్యలో మడత ఉంది. మడత పడిన షీటుతో సరిచేస్తే ఆ మడతే కొలబద్ద అయి కూర్చుంటుంది. కొత్తది ధర విని గుండె జారింది, అయినా కొన్నాను.

తక్కువ ధరకు సీఐఎస్ స్కానర్లు (కెమెరాలకు బదులు, అద్దానికి ఆనిన కాగితాన్ని దగ్గర నుంచి చదివే సెన్సారు ఉన్నవి) దొరుకుతాయి, కెమెరాల గొడవ తక్కువ. కానీ 2018 తిత్లీ తుఫాను తర్వాత మాకొచ్చిన మ్యాపులు తడిసి ఆరి అలలు తేలినవి. అలాంటి వాటిలో అద్దాన్ని అంటుకోని చోట సీఐఎస్‌లో మసకేస్తుంది, కెమెరాలకు స్పష్టంగా కనిపిస్తుంది. చదునుగా ఉండే ప్లాన్లు మాత్రమే వచ్చే షాపయితే సీఐఎస్ చాలు.

మూడో కెమెరా ఇప్పటికీ ఎండాకాలంలో కాస్త మొరాయిస్తుంది. అందుకే తగాదా మ్యాపు వస్తే, ఆ గట్టు 27వ అంగుళం మీద పడకుండా షీటును పక్కకు జరిపి పెడతాను.