మిర్యాలగూడలో తెల్లవారుజాము యోగా తరగతి: మూడు నెలల తరువాత

ధాన్యం రాక మొదలైతే మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో లెక్కలు రాసేవారికి కంటి మీద కునుకుండదు. పదిహేనేళ్లుగా ఆ పనిలోనే ఉన్న నేను, గత వానాకాలం పంట సమయంలో కాటా చీటీలను మూడేసి సార్లు కూడినా మొత్తం సరిపోక, మెడనొప్పితో, చికాకుతో ఇల్లు చేరేవాణ్ని. ఆ తరువాతే మా వీధి చివరనున్న యోగా కేంద్రంలో చేరాను.

తరగతి ఉదయం 5:30కు మొదలవుతుంది. ఆపైన తలుపు తీయరు. మొదట ఇది మొండితనంగా తోచింది. కానీ ఆ వేళకు అక్కడ ఉండాలంటే రాత్రి పదింటికే పడుకోవాలి, అందుకు తొమ్మిదికల్లా ఫోను పక్కన పెట్టాలి. యోగశాస్త్రంలో ఆసనం కంటే ముందు యమ నియమాలను, అంటే నడవడికీ దినచర్యకూ సంబంధించిన కట్టుబాట్లను, ఎందుకు చెప్పారో, మూసిన ఆ తలుపు ముందు రెండుసార్లు నిలబడ్డాకే నాకు అర్థమైంది.

వృక్షాసనానికి గోడ మీద సుద్దతో ఒక చుక్క పెడతారు. దానిపై చూపు నిలిపి, ఒంటికాలి మీద ఇరవై శ్వాసలు లెక్కించాలి. చూపు చెదిరిన మరుక్షణం చీలమండ వణుకుతుంది. తిరిగి చుక్క మీదికి వస్తే కుదుటపడుతుంది. ఇప్పుడు మిల్లులో లారీ వెంట లారీ వస్తున్నా, ధాన్యంలో తేమ కొనుగోలు పరిమితి అయిన 17 శాతం దాటిందంటూ పక్కనే వాదులాట నడుస్తున్నా, చేతిలోని చీటీ పూర్తయ్యాకే రెండోదాన్ని ముట్టుకుంటున్నాను. ఈ యాసంగిలో చాలా రోజుల లెక్క మొదటి కూడికకే సరిపోయింది.

నాకు గురువుగారి మీద నమ్మకం కుదిరింది మాత్రం ఒక పెద్దాయన వల్ల. మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్లు ఏళ్ల తరబడి తాగి వెన్ను బిగుసుకుపోయిన ఆయన, అందరితోపాటు ముందుకు వంగబోతే గురువుగారు వెంటనే ఆపి, కుర్చీ వేసి, "వద్దు తాతా, వంగకు, ఊపిరి చూసుకుంటే చాలు" అన్నారు. ఎవరి ఒంటికి ఏది తగదో తెలిసినవారి దగ్గరే ఇలాంటివి నేర్చుకోవాలి.

లోపాలూ ఉన్నాయి. గది ఇరుకు; చేతులు చాపితే పక్కవారికి తగులుతాయి. నెలాఖరున పావుగంట ప్రాణాయామాన్ని కోసి చూర్ణాల డబ్బాలు అమ్మడం నాకు బొత్తిగా నచ్చలేదు, ఆ మాట నిర్వాహకులకు చెప్పాను. సాయంత్రం తరగతిలో గురువుగారు ఉండరు కనుక మెడ, నడుము నొప్పులున్నవారు ఉదయమే చేరి, మొదటి రోజే తమ బాధ వివరంగా చెప్పడం మంచిది.

వానాకాలం ధాన్యం వచ్చే నెలలకూ నేను రుసుము ముందే కట్టాను.