ఇసుకలో బంగారానికి ₹7,200, పంగిడి నల్లరాయికి ₹800

గోదావరి ఇసుకను కడిగి బంగారు రేణువులను మీ చేతులతో మీరే ఏరుకోవచ్చునని ప్రకటించుకునే ఒక లంక విడిది, ధవళేశ్వరం దిగువన, మా నలుగురి దగ్గర మనిషికి ₹1,800 చొప్పున ₹7,200 వసూలు చేసింది. గది అద్దె ₹4,200 దీనికి అదనం. తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయికి సగం ధర తీసుకోరా అని అడిగితే, "బంగారానికి చిన్నా పెద్దా ఏముంటుందండీ" అని అక్కడి మేనేజరు నవ్వాడు. ఆ విడిది పేరు ఇక్కడ రాయను గాని, అక్కడ జరిగినది మాత్రం వివరంగా రాస్తాను. సంక్రాంతి సెలవుల్లో పిల్లలను వెంటబెట్టుకొని అటువైపు వెళ్ళే కుటుంబాలు చాలా ఉంటాయి.

రాళ్ళు, ఖనిజాలు సేకరించడం నాకు చాలాకాలంగా ఉన్న సరదా కనుక ఇసుక కడిగే పద్ధతి కొంత తెలుసు. బంగారం నీటికంటే 19 రెట్లు బరువైనది, మామూలు ఇసుకలో ఎక్కువగా ఉండే క్వార్ట్జ్ రెండున్నర రెట్లకు కాస్త ఎక్కువ. వెడల్పాటి పళ్ళెంలో ఇసుక పోసి, నీటిలో ముంచి గుండ్రంగా ఆడిస్తూ, అంచు మీదుగా నీటిని కొద్దికొద్దిగా జారవిడిస్తే తేలికైన తెల్ల ఇసుక ముందు కొట్టుకుపోతుంది, బరువైన నల్ల ఇసుక అడుగున నిలుస్తుంది, బంగారమంటూ ఉంటే ఆ నల్ల ఇసుక తోకన పసుపు చుక్కగా కనిపిస్తుంది. ఓపిక లేనివాడికి ఏమీ మిగలదు. అయితే పళ్ళెం పట్టుకోవడం కూడా చేతకాని మా బావగారికి నాకంటే ఎక్కువ రేణువులు దొరికాయి. పక్కనున్న వైజాగ్ దంపతులకూ దొరికాయి, వారి అయిదేళ్ళ బాబుకూ దొరికాయి. ఇసుకను మా కళ్ళ ముందు ఏటిలో నుండి తోడలేదు, వంటశాల వెనుక నుండి గోనెసంచిలో తెచ్చి పోశారు.

భూతద్దం కింద పెట్టి చూస్తే సంగతి సగం తేలిపోయింది. నదిలో దొర్లి వచ్చిన బంగారు రేణువు మెత్తని లోహం కనుక సుత్తితో కొట్టినట్టు చదునుగా, అంచులు గుండ్రంగా అయి ఉంటుంది. మా పళ్ళెంలోని రేణువులు సన్నగా, కొసలు వాడిగా, ఒకవైపు చుట్టుకొని, ఆకురాయితో రాకినప్పుడు రాలే పొడిలా ఉన్నాయి. గోదావరిలో బంగారం అసలు లేదని నేను అనడం లేదు. చాలా ఎగువన, మంగపేట ప్రాంతంలో, 19వ శతాబ్దంలో ఇసుక కడిగి బంగారం తీసేవారని పాత నివేదికల్లో ఉంది. కాని బంగారం వంటి బరువైన పదార్థం ప్రవాహం వేగం తగ్గిన చోటల్లా ముందుగా దిగిపోతుంది. ధవళేశ్వరం దాటాక నది పాయలుగా చీలి, వాలు తగ్గి, మెత్తని ఒండ్రును మోసుకుంటూ మెల్లగా సముద్రానికి పోతుంది. అటువంటి చోట పోసిన పళ్ళెంలోనల్లా కంటికి ఆనే బంగారం దొరకడమంటే గోదారమ్మ మా మీద ప్రత్యేకంగా దయ తలచిందనుకోవాలి.

ఆ రాత్రి విడిదిలో వేడినీళ్ళకు బకెట్టుకు ₹50 అడిగారు, భోజనంలో చేపల పులుసు చల్లగా వడ్డించారు, బిల్లు అడిగితే కంప్యూటరు పనిచేయడం లేదన్నారు. బావగారు పులుసు దగ్గర పట్టిన మౌనం మరునాటి టిఫిను దాకా వదలలేదు. మా ఆవిడ మాత్రం, వడ్డాణం చేయించుకుందామనుకుంటే ముక్కుపుడకకైనా చాలలేదే అని నవ్వుతూనే ఉంది.

మరునాడు రాజమహేంద్రవరంలో ఒక వృద్ధ స్వర్ణకారుడి దుకాణంలో ఆ రేణువులను చూపించాము. ఆయన వాటిని కాగితం మీద పోసి, మైనం ముద్దకు అద్ది, గీటురాయి మీద బలంగా రుద్దాడు. పసుపు గీత పడింది. దాని పక్కనే తన వేలి ఉంగరంతో మరో గీత గీసి, రెండింటి మీదా గాజు పుల్లతో ఆసిడ్ చుక్క పెట్టాడు. ఉంగరం గీత ఉన్నది ఉన్నట్టే ఉంది, మాది ఆకుపచ్చగా నురగ కట్టి, ఆయన గుడ్డతో తుడిచేసరికి రాయి మీద జాడ లేకుండా పోయింది. "ఇత్తడండి బాబూ" అని ఒక్క మాట అన్నాడు. డబ్బు ఇవ్వబోతే పుచ్చుకోలేదు. అంతటితో ఆగక, నిజంగా బంగారం కడగాలంటే ఏటికి పోనక్కరలేదని, కంసాలి దుకాణాల్లో ఊడ్చిన చెత్తను కొనుక్కుపోయి, కాల్చి, కడిగి, అందులోని పొడిని రాబట్టుకొని బతికేవాళ్ళు ఉన్నారని చెప్పాడు. రూపాయి ఖర్చు లేకుండా ఆ అరుగు మీద నేర్చుకున్నంత ₹7,200 పోసిన లంకలో నేర్చుకోలేదు.

మేనేజరుకు ఫోను చేస్తే, "మేము అమ్మేది అనుభవం సార్, బంగారం కాదు" అన్నాడు. ప్రకటనలో ఉన్న మాట అది కాదని, దాని ఫొటో నా దగ్గర ఉందని చెప్పి, 1915 నంబరుకు ఫోను చేసి వినియోగదారుల ఫిర్యాదు నమోదు చేయించాను. వారం లోపల మా అమ్మాయి తాలూకు ₹1,800 మాత్రం తిరిగి వచ్చింది. మిగతాది రావలసి ఉంది. ఇటువంటి చోట డబ్బు కట్టేముందు ఇసుకను మన ఎదుట ఏటిలో నుండి తోడమని అడగండి. తటపటాయిస్తే లేచి వచ్చేయండి. రేణువు మీద సందేహం ఉంటే గుండుసూదితో నొక్కి చూడండి: అభ్రకమైతే పొరలుగా విడిపోతుంది, బంగారమైతే సొట్ట పడుతుంది తప్ప విరగదు. ఇత్తడి కూడా విరగదు కనుక దానికి గీటురాయే దిక్కు.

కొవ్వూరులో ₹950 గది శుభ్రంగా ఉంది, చెప్పుకోదగ్గ విశేషం లేదు.

అసలు రాళ్ళ వేట మొదలైంది కొవ్వూరు నుండి పంగిడికి వెళ్ళిన ఉదయాన. ఆటోకు రానుపోను, అక్కడ ఆగినందుకు కలిపి ₹800. డెల్టాలో రాయి కోసం వెతకడం దండగ. అక్కడ ఉన్నదంతా నది తెచ్చి పరచిన ఒండ్రు, కోనసీమలో ఇంటి పునాదికి రాయి కావాలంటే లారీ మీద రావలసిందే. ఆ రాయిలో చాలా భాగం డెల్టా తలదగ్గర, గోదావరికి పడమట పంగిడి, గౌరీపట్నం క్వారీలలోనూ, తూర్పున కాతేరు దగ్గరా ఉన్న నల్లరాయి. దీనిని భూవిజ్ఞానులు రాజమండ్రి ట్రాప్స్ అంటారు. దాదాపు 6.6 కోట్ల ఏళ్ళ క్రితం దక్కను పీఠభూమిని కప్పిన లావా, పాత నదీలోయల వెంట వందల కిలోమీటర్లు పారి ఇంతదూరం వచ్చి గడ్డకట్టిందని వారి అభిప్రాయం.

క్వారీలోకి ఎవరుబడితే వారు దిగకూడదు, దిగనివ్వరు కూడా. మేము ముందుగా ఆఫీసు గదిలో గుమాస్తాను కలిసి, పిల్ల చదువు కోసమని చెప్పి అనుమతి అడిగాము. ఆయన పేలుళ్ళు పెట్టే వేళ ఎప్పుడో చెప్పి, ఆ లోపల బయటికి రావాలన్న షరతు మీద, తవ్వకం ఆపేసిన ఒక పాత గోతికి కాపలామనిషిని తోడిచ్చి పంపాడు. డబ్బు అడగలేదు. ఎండలో నిలబడలేనని బావగారు ఆటోలోనే కూర్చున్నారు.

ఆ గోతి గోడను నేను మరచిపోలేను. కింద నల్లని లావా, పైన నల్లని లావా, ఆ రెంటి నడుమ పాలిపోయిన సున్నపురాయి పట్టీ. ఒక లావా ప్రవాహం ఆగిపోయి మరొకటి వచ్చేలోగా ఇక్కడ ఉప్పునీరు, మంచినీరు కలిసే తీరం ఉండేదని, ఆ నీటి అడుగున చేరిన మట్టే ఈ పట్టీ అని, కింది లావా ఆగిన కాలం డైనోసార్లు అంతరించిన కాలానికి దగ్గరదని ఇందులోని సూక్ష్మజీవుల శిలాజాలను బట్టి శాస్త్రవేత్తలు నిర్ధారించారు. మా అమ్మాయి పడివున్న ఒక పెచ్చును తిరగేసి చూసి, అరవకుండా, నా చొక్కా పట్టుకొని లాగింది. చిటికెన వేలి గోరంత మెలికల గుల్ల, చుట్లన్నీ లెక్కపెట్టడానికి వీలుగా, రాతిలో సగం కూరుకొని ఉంది. నల్లరాయి బెడ్డలలోనేమో బుడగలున్న చోట్ల తెల్లని స్ఫటికాలు నిండి ఉన్నాయి. చాకుతో గీరితే గీత పడి, నిమ్మరసం చుక్క వేస్తే సన్నగా బుసబుసమన్నవి కాల్సైట్. చాకుకు లొంగకుండా గాజును గీసినవి క్వార్ట్జ్ జాతివి. గోడను మేము కొట్టలేదు, కింద రాలిన వాటిలో నుంచే నాలుగు ముక్కలు గుమాస్తాకు చూపించి తెచ్చుకున్నాము. చేతిసంచి కంటే ఎక్కువ తెచ్చుకోబోతే నేనైనా అనుమతి ఇవ్వను.

పంగిడి రోడ్డు మీద ఒక మెస్‌లో భోజనం ₹120. ఆవపెట్టిన పనసపొట్టు కూర, చింతకాయ పచ్చడి, గట్టి పెరుగు, మారు అడగకముందే వడ్డన. బావగారు ఆ రోజు మొదటిసారి నోరు విప్పి, "బావగారూ, ఇక్కడే ఒక పూట ముందు దిగివుంటే లంక పాపం తప్పేది గదా" అన్నారు. మూడోసారి అన్నం కలుపుకుంటూ.

చివరగా అంతర్వేది. నరసాపురంలో వశిష్ఠ గోదావరిని పంటు మీద సఖినేటిపల్లికి దాటి వెళ్ళాము. కారుకు రోజుకు ₹3,200, డ్రైవరు బత్తా ₹300. నది సముద్రంలో కలిసే సంగమం దగ్గర తడి ఇసుకలో అల తిరిగి వెళ్ళిన చోటల్లా నల్లని చారలు మిగులుతాయి. ఇల్మెనైట్, గార్నెట్, సిలిమనైట్ వంటి బరువైన ఖనిజాలను, తూర్పు కనుమల రాళ్ళు అరిగి వచ్చినవాటిని, సముద్రం తానే పళ్ళెం ఆడించి వేరుచేసిన చోటు అది. అయస్కాంతాన్ని పాలిథీన్ సంచిలో చుట్టి చార మీద ఆడిస్తే కొన్ని రేణువులు కుచ్చులా అంటుకొని లేస్తాయి, సంచి విప్పితే రాలిపోతాయి. ఈ ఇసుకలో అణుధార్మికత గల థోరియం ఉన్న మోనజైట్ కూడా ఉంటుంది, అటువంటి ఖనిజాల మీద ప్రభుత్వ నియంత్రణ ఉంది కనుక చూసి అక్కడే వదిలేయాలి, సీసాలో నింపుకోకూడదు. బస నరసాపురంలోనే పెట్టుకోవడం మేలు. భీష్మ ఏకాదశికి అంతర్వేది తీర్థం జరిగే రోజుల్లో అయితే గదులూ దొరకవు, పంటు దగ్గర వాహనాల వరసా కదలదు. ఆ వారం మానుకొని, ఆటుపోట్లలో నీరు తీసిన వేళ చూసుకొని పొద్దున్నే వెళ్ళండి. ఎండెక్కితే ఆ నల్ల చారల మీద చెప్పులు లేకుండా అడుగు పెట్టలేరు.