పది మిల్లీమీటర్ల ఎడ్జ్ ఫైండర్‌తో తొమ్మిదేళ్లు

జీడిమెట్లలో ఒక చిన్న జాబ్ వర్క్ షెడ్డులో వీఎంసీ (కంప్యూటర్‌తో నడిచే నిలువు మిల్లింగ్ యంత్రం) నడుపుతున్నాను. కంట్రోలర్ ఫానక్ కంపెనీది, స్పిండిల్ (టూల్‌ను పట్టి తిప్పే భాగం) బీటీ 40 రకం. మాకు ఒకే జాబ్ నెలల తరబడి నడిచే భాగ్యం లేదు. రోజుకు మూడు నాలుగు సార్లు వైస్‌లో (బిగించే దవడల మధ్య) కొత్త ముక్క ఎక్కుతుంది, అన్నిసార్లూ జీ54 ఆఫ్‌సెట్, అంటే ముక్క మీద సున్నా ఎక్కడుందో యంత్రానికి చెప్పే అంకెలు, కొత్తగా పెట్టుకోవాలి. తొమ్మిదేళ్లుగా ఆ పని చేసిపెడుతున్నది ఒకే ఎడ్జ్ ఫైండర్, ముక్క అంచు ఎక్కడుందో పట్టే పరికరం. 10 మి.మీ. షాంక్ (హోల్డరులో బిగించే కడ్డీ), 10 మి.మీ. టిప్ (అంచుకు ఆనే కొన), లోపల ఒక స్ప్రింగు, అంతే. మూడేళ్ల కిందట దానికి తోడుగా డయల్ ఉన్న త్రీడీ టేస్టర్ కూడా కొన్నాను, అదీ అంచు పట్టేదే. ధర మొదటిదానికి ఇరవై రెట్ల పైమాటే. రెండింటిలో ఏది మేలని తోటి ఆపరేటర్లు అడుగుతుంటారు. నా జవాబు వాళ్లు ఊహించినట్టు మైక్రాన్ల గురించి ఉండదు.

ముందు పాతదాని సంగతి. టిప్‌ను వేలితో కాస్త పక్కకు నెట్టి, స్పిండిల్‌ను 500 ఆర్‌పీఎం దగ్గర తిప్పితే అది తూలుతూ తిరుగుతుంది. జాబ్ (కోయాల్సిన ముక్క) అంచుకు ఆనించి నెమ్మదిగా లోపలికి తెస్తుంటే తూలడం తగ్గుతూ వస్తుంది. ఒక క్షణం షాంకూ టిప్పూ ఒకే కడ్డీ అన్నంత నిలకడగా కనిపిస్తాయి. చేత్తో జరిపే హ్యాండ్‌వీల్‌ను ఇంకొక్క గీత తిప్పగానే టిప్ చటుక్కున పక్కకు జారుతుంది. అంచు దొరికినట్టే. చివరి ప్రయాణమంతా హ్యాండ్‌వీల్ ×10 మీద, అంటే గీతకు 0.01 మి.మీ. చొప్పున జరగాలి. తొందరపడి ×100 మీదే కానిస్తే ఒక్కో గీతకు 0.1 దూకుతుంది, జారింది ఎక్కడో అర్థం కాదు.

నా ఫైండర్‌ను ఒకే అంచుకు మూడుసార్లు ఆనిస్తే మూడుసార్లూ 0.01 తేడా లోపే చూపిస్తుంది, ఈనాటికీ. అది బతికి ఉండటానికి కారణం నేను చంపేసిన మొదటి ఫైండర్. అంతకుముందు డ్రిల్‌కు ఇచ్చిన 3000 వేగం అలాగే ఉండగా చూసుకోకుండా స్పిండిల్ స్టార్ట్ చేశాను. టిప్ విసురుకు స్ప్రింగు సాగిపోయింది. దాని తర్వాత కొన్నదే ఇది. వారానికోసారి టిప్‌ను కొంచెం లాగి, షాంకుతో కలిసే ముఖాన్ని శుభ్రమైన గుడ్డతో తుడిచి, పల్చటి నూనె ఒక్క చుక్క వేస్తాను. కూలెంట్ ఎండి జిగురు పట్టిందంటే టిప్ జారాల్సిన చోట జారక ఆలస్యం చేస్తుంది, ఆ ఆలస్యమంతా ఆఫ్‌సెట్‌లోకి ఎక్కుతుంది. జాబ్ అంచు మీద బర్ (కోతలో మిగిలిన గరుకు రేకు) ఉన్నా ఇదే కథ. ఫైండర్ తప్పు చూపిస్తోందని మా షెడ్డులో వచ్చిన ఫిర్యాదుల్లో సగం ఒక ఆకురాయి దెబ్బతో తీరిపోయినవే.

ఇక అసలు తలనొప్పి. ఫైండర్ అంచును పట్టినప్పుడు స్పిండిల్ మధ్యరేఖ అంచు మీద ఉండదు, టిప్‌లో సగం, అంటే 5 మి.మీ. బయట ఉంటుంది. ఫానక్‌లో వర్క్ ఆఫ్‌సెట్ పేజీకి వెళ్లి, జీ54 ఎక్స్ గడి మీద కర్సర్ పెట్టి, ఎడమ అంచయితే ఎక్స్-5.0 అని కొట్టి మెజర్ నొక్కాలి. కుడి అంచయితే ఎక్స్5.0. ఆపరేటర్ వైపు ముందు అంచుకు వై-5.0, వెనక అంచుకు వై5.0. కాగితం మీద చదివితే చిన్నపిల్లల లెక్క. రాత్రి షిఫ్టు చివర, వరసగా ఆరు జాబ్‌లు ఎడమ అంచు నుంచి చేసి, ఏడోదానికి డ్రాయింగులో సున్నా కుడి అంచు మీద ఉందని చూసి, అక్కడ ఆనించి, వేళ్లు మాత్రం అలవాటుగా ఎక్స్-5.0 కొడితే ఏమవుతుంది? సున్నా 10 మి.మీ. కుడికి వెళ్లిపోతుంది. నాలుగు రంధ్రాలున్న ఈఎన్8 స్టీలు ప్లేటు ఒకదానిలో అచ్చంగా అదే జరిగింది. నాలుగు రంధ్రాలూ ఒకదానికొకటి 0.02 లోపు ఉన్నాయి, డ్రాయింగుకు మాత్రం 10 మి.మీ. దూరంలో. మా ఓనరు ఏమీ అనలేదు. ప్లేటును తన టేబుల్ మీద పేపర్ వెయిటుగా పెట్టుకున్నారు. ఇప్పటికీ అక్కడే ఉంది.

అప్పటి నుంచి ఆఫ్‌సెట్ పెట్టాక ఒక పని తప్పకుండా చేస్తాను. టూల్‌ను బాగా పైకి ఎత్తి ఉంచి, రాపిడ్ (కోత లేని కదలిక వేగం) 25 శాతానికి తగ్గించి, ఎండీఐలో (ఆదేశాన్ని అప్పటికప్పుడు కొట్టే మోడ్) జీ54 జీ0 ఎక్స్0 వై0 కొట్టి సైకిల్ స్టార్ట్ నొక్కుతాను. స్పిండిల్ వెళ్లి సున్నా మీద నిలబడుతుంది. 0.01 తప్పు కంటికి ఆనదు కానీ 5, 10 మి.మీ. తప్పు పది అడుగుల దూరం నుంచి కూడా తెలిసిపోతుంది. దీనికి పట్టేది అర నిమిషం.

సున్నా జాబ్ మధ్యలో ఉంటే మాత్రం ఈ ఫైండర్‌ను మించింది నాకు కనిపించలేదు. ఎడమ వైపు ఆనించి రిలేటివ్ పొజిషన్ సున్నా చేయడం, కుడి వైపు ఆనించడం, వచ్చిన అంకెలో సగానికి వెళ్లడం. టిప్ వ్యాసం ఎంతన్నది లెక్కలోకే రాదు. ఫైండర్ కాస్త ఆలస్యంగా జారే రకమైనా రెండు వైపులా ఒకేలా ఆలస్యం చేస్తుంది కాబట్టి ఆ తప్పు కూడా కొట్టుకుపోతుంది. కస్టమరు డ్రాయింగు ఒప్పుకుంటే నేను సున్నాను మధ్యకే తెచ్చుకోవడానికి ఇది ఒక కారణం.

వైస్‌లో వరసగా ముక్కలు చేసేటప్పుడు వై సున్నాను వైస్ స్థిర దవడ మీద తీసుకుంటాను, జాబ్ ముందు అంచు మీద కాదు. కొత్తవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే. 50 మి.మీ. పట్టీ అని తెచ్చింది ఒకటి 50.1 ఉంటుంది, ఇంకొకటి 50.3. వెనక స్థిర దవడకు ఆనిన అంచు కదలదు, తేడా అంతా కదిలే దవడ వైపుకు పోతుంది. ముందు అంచును సున్నా చేసుకుంటే ఆ తేడా ప్రతి ముక్కలోనూ రంధ్రం స్థానంలోకి వచ్చి కూర్చుంటుంది.

డయల్ టేస్టర్ విషయానికి వద్దాం. ఈ రకంలో జర్మనీ హైమర్ పేరు అందరికీ తెలుసు. నా దగ్గరున్నది వేరే కంపెనీది, పనితీరు అదే. స్పిండిల్ తిప్పనక్కర లేదు. బంతి కొనను అంచుకు ఆనించి ముల్లు సున్నాకు వచ్చేదాకా తోస్తే స్పిండిల్ మధ్యరేఖ సరిగ్గా అంచు మీద ఉంటుంది. ఎక్స్0 కొట్టి మెజర్ నొక్కడమే. కుడి, ఎడమ, ముందు, వెనక అన్న భేదం లేదు. నేను దానికి పెట్టిన డబ్బు 0.01 కోసం కాదు, ఆ ఐదు మిల్లీమీటర్ల లెక్క తీసిపారేసినందుకు. మూడేళ్లలో మా షెడ్డులో గుర్తు తారుమారై పాడైన ముక్క ఒక్కటీ లేదు.

అయితే కొన్న రోజే వాడేయొచ్చనుకుంటే నిరాశ తప్పదు. హోల్డరులో పెట్టి, స్పిండిల్‌ను చేత్తో తిప్పుతూ, కొనకు మరో డయల్ గేజ్ ఆనించి, నాలుగు చిన్న స్క్రూలతో దాన్ని మధ్యకు తేవాలి. మొదటిసారి నాకు గంట పట్టింది. హోల్డరు మార్చిన ప్రతిసారీ ఆ తంతు మళ్లీ మొదలు, అందుకే ఒక బీటీ 40 హోల్డరును దానికే రాసిచ్చేశాను. దాని మీద ఎర్ర పెయింటుతో ‘తిప్పరాదు’ అని రాసి ఉంది. అయినా ఏడాది తిరక్కముందే కొన విరిగింది. ఆనించాక వెనక్కి తీయబోయి హ్యాండ్‌వీల్‌ను ముందుకు తిప్పాను, అదీ ×100 మీద. లోపలి యంత్రాంగం దెబ్బతినకుండా కొన సన్నటి చోట విరిగేలానే చేస్తారు, అలాగే విరిగింది. కొత్త కొన చేతికి రావడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ పాత ఎడ్జ్ ఫైండరే దిక్కయింది. ఇప్పుడు డ్రాయరులో ఒక కొన అదనంగా ఉంచుకుంటున్నాను.

జెడ్‌కు, అంటే ఎత్తు సున్నాకు, రెండూ వాడను. 50 మి.మీ. జెడ్ సెట్టర్ చాలు. అది లేనివాళ్లు కాగితం పెట్టి టూల్ దించుతారు, మామూలు కాగితం మందం 0.1 దాకా ఉంటుందని గుర్తుంచుకుంటే రఫింగుకు (మొదటి ముతక కోతకు) ఇబ్బంది లేదు.

ఏ పరికరమూ కాపాడలేనివి రెండున్నాయి. ఒకటి ఆఫ్‌సెట్ పేజీలో అన్నిటికంటే పైన ఉండే ఎక్స్‌టర్నల్ గడి. అందులో ఏ అంకె ఉంటే దాని మేరకు జీ54 నుంచి జీ59 దాకా అన్నీ కలిసి జరుగుతాయి. గాలిలో ట్రయల్ చూడటానికి అక్కడ జెడ్50 పెట్టి మరచిపోయిన మహానుభావుల్లో నేనూ ఒకడిని. గాలిని కోయడం వల్ల నష్టం లేదు, పక్కనున్నవాళ్లు నవ్వారంతే. రెండోది ఎండ. మే నెలలో రేకుల షెడ్డు కింద పొద్దుటికీ మధ్యాహ్నానికీ పది డిగ్రీల తేడా మామూలు. 300 మి.మీ. అల్యూమినియం ప్లేటు అంత వేడికి 0.07 మి.మీ. దాకా పెరుగుతుంది. ఆ నెలలో పొద్దున్న పెట్టిన జీ54ను భోజనం తర్వాత మళ్లీ ఒకసారి ఆనించి చూస్తాను.

ఈ మధ్య చేరిన ఐటీఐ కుర్రాడు “అన్నా, డయల్ ఉండగా నాకు ఈ ఊగేది ఎందుకు ఇచ్చారు?” అని అడిగాడు. డయల్ కొన విరిగిన మూడు వారాల కథ చెప్పాను. నిన్న వాడు కుడి అంచు మీద సున్నా పెట్టి, ఎండీఐలో ఎక్స్0 వై0 కొట్టి, రెండడుగులు వెనక్కి వేసి స్పిండిల్ వైపు తల వంచి చూశాడు. ఆపి, ఆఫ్‌సెట్ పేజీ తెరిచి గుర్తు మార్చాడు. నేను టీ తాగుతూ చూస్తూనే ఉన్నాను.