ఎక్స్‌టీరియర్ రెండర్‌కి లైటింగ్: సన్-స్కైనా, హెచ్‌డీఆర్‌ఐనా?

మోడల్ ఎంత బాగా చేసినా లైట్ సరిగా పడకపోతే బిల్డింగ్ అట్టముక్కలా కనిపిస్తుంది, అందుకే బిల్డింగ్ బయటి దృశ్యాన్ని కంప్యూటర్‌లో రెండర్ చేసే ముందే ఈ రెండిట్లో ఏదో తేల్చుకోవాలి. సన్-స్కై అంటే సాఫ్ట్‌వేరే లెక్కకట్టి పెట్టే సూర్యుడు, ఆకాశం. హెచ్‌డీఆర్‌ఐ అంటే వెలుగు తేడాలు కూడా పట్టి ఉంచే, చుట్టూ ఉన్న ఆకాశం ఫొటో.

ఖర్చు: సన్-స్కై వీ-రే, కరోనా అనే రెండరింగ్ సాఫ్ట్‌వేర్లలో ఎలాగూ ఉంటుంది. హెచ్‌డీఆర్‌ఐలు పాలీ హేవెన్ వెబ్‌సైట్‌లో ఫ్రీ, సీసీ0 (ఎవరైనా దేనికైనా వాడుకోవచ్చనే) లైసెన్స్ కాబట్టి క్లయింట్ పనికీ వాడుకోవచ్చు.

శ్రమ: సన్-స్కైలో ఊరు, తేదీ, టైమ్ ఇచ్చి ఉత్తరం దిక్కు సరిచూస్తే సూర్యుడు తన చోటికి వచ్చేస్తాడు. హెచ్‌డీఆర్‌ఐలో సూర్యుడు ఫొటో తీసినప్పటి ఎత్తులోనే ఉంటాడు, పక్కకి తిప్పగలం గానీ పైకి లేపితే హొరైజన్ కూడా ఒరిగిపోతుంది.

రిస్క్: ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. హెచ్‌డీఆర్‌ఐలో సూర్యుడి దగ్గర వెలుగు క్లిప్ అయి (అసలు తీవ్రత రికార్డవకుండా మధ్యలోనే కోసుకుపోయి) ఉంటే నీడలు పాలిపోయి బిల్డింగ్ నేలకి ఆనకుండా తేలుతున్నట్టు ఉంటుంది, కాబట్టి ముందు ఒక బూడిదరంగు బంతి పెట్టి దాని నీడ చూడండి. అసలు ఎండలో రెయిలింగ్ నీడ మొదట్లో పదునుగా ఉండి దూరం పోయేకొద్దీ మెత్తబడుతుంది, అది కనిపిస్తేనే వాడండి. సన్-స్కైలో ఈ గొడవ లేదు, కానీ మబ్బుల్లేని ఆకాశం పెడితే పెద్ద అద్దాల్లో ఒట్టి నీలం గ్రేడియంటే మెరుస్తుంది, ఫేక్ అని వెంటనే తెలిసిపోతుంది.

నీడల స్టడీ, యానిమేషన్, క్లయింట్ టైమ్ మార్చమంటాడు అనుకుంటే సన్-స్కై. అద్దాలు ఎక్కువున్న బిల్డింగ్, మబ్బు పట్టిన వాతావరణం, సంధ్యవేళ షాట్ అయితే కళ్ళు మూసుకుని హెచ్‌డీఆర్‌ఐ.