శ్రీశైలానికి క్యారవాన్‌లో వెళ్ళాం, కారును డాలీ మీద తెచ్చుకున్నాం

టోయింగ్ సంస్థకు కట్టిన ఐదు వేల రూపాయల అడ్వాన్సు ఇంకా తిరిగి రాలేదు కనుక ఈ ప్రయాణం గురించి ప్రశాంతంగా రాయగలనన్న నమ్మకం నాకు లేదు. అయినా హైదరాబాదు నుంచి పెద్ద కుటుంబంతో క్యారవాన్ అద్దెకు తీసుకొని వెళ్ళాలనుకునేవారికి, అంతకంటే ముఖ్యంగా దారిలో కారు ఆగిపోతే దాన్ని లాక్కెళ్ళే టోయింగ్ బండికి ఫోను చేసేవారికి, మాకు జరిగినది పనికొస్తుంది.

డల్లాస్‌లో ఉండే మా అమ్మాయి, అల్లుడు, ఇద్దరు పిల్లలు సెలవులకు వచ్చారు. మా అన్నయ్య, వదినలతో కలిపి ఎనిమిదిమందిమి. క్యారవాన్‌లో ఆరుగురికే చోటు కావడంతో మా ఇన్నోవా క్రిస్టా కూడా వెంట బయలుదేరింది. క్యారవాన్ అద్దె డ్రైవరుతో సహా రోజుకు 17,500 రూపాయలు. రోజుకు 250 కిలోమీటర్లు దాటితే ఆపైన కిలోమీటరుకు 40. ఇంట్లో తిరిగినట్టే ఉంటుందని ప్రకటనలో చూసి మోసపోకండి. ఆరడుగుల మనిషి ఆ మంచం మీద కాళ్ళు ముడుచుకునే పడుకోవాలి. బయటి కరెంటు గాని జనరేటరు గాని లేకపోతే ఏసీ పని చేయదు. వంటగది, మరుగుదొడ్డి మాత్రం శుభ్రంగా ఉన్నాయి. మోకాళ్ళ నొప్పులున్న మా వదినకు ఆ మరుగుదొడ్డి ఒక్కటే మొత్తం అద్దెకు సరిపోయిందట.

తుక్కుగూడ దాటాక కడ్తాల్, ఆమనగల్, కల్వకుర్తి, డిండి మీదుగా మన్ననూరు వరకు రోడ్డు హాయిగా ఉంది. శ్రీశైలంలో మల్లన్న దర్శనం, భ్రమరాంబ అమ్మవారి దర్శనం, పాతాళగంగ రోప్‌వే అన్నీ రెండు రోజుల్లో ఏ లోటూ లేకుండా పూర్తయ్యాయి. క్యారవాన్‌ను పార్కింగులో వదిలి, ఊళ్ళో తిరగడానికి, శిఖరానికి, సాక్షి గణపతికి కారే వాడాం. అమెరికాలో మోటారుహోము వెనుక కారును కట్టుకుని వెళ్ళేది ఇందుకేనని అల్లుడు అప్పుడే చెప్పాడు: ఇంటిని ఒకచోట నిలిపి, చిన్న పనులకు కారు వాడుకుంటారు. దీనికోసం డాలీ అనే రెండు చక్రాల బండి అద్దెకు దొరుకుతుందట. కారు ముందు చక్రాలను దాని మీదికి ఎక్కించి పట్టీలతో బిగిస్తారు, వెనుక చక్రాలు రోడ్డు మీదే దొర్లుతూ వస్తాయి. కొన్ని మైళ్ళు పోయాక దిగి పట్టీలను మళ్ళీ బిగించాలి, గంటకు 55 మైళ్ళు దాటకూడదు, అన్నిటికంటే ముఖ్యం, రివర్సు చేయకూడదు. ఒకసారి పొరపాటున చిన్న పెట్రోలు బంకులోకి దూరి, బయటికి రావడానికి కారును దింపి డాలీని చేత్తో తిప్పుకోవలసి వచ్చిందని నవ్వుతూ చెప్పాడు. మన దేశంలో ఈ సరదా కుదరదు. మరొక వాహనంతో లాగించడానికి చెడిపోయిన కారుకే అనుమతి, అది కూడా రెండింటి మధ్య ఐదు మీటర్లకు మించి దూరం లేకుండా, వెనుక ‘ఆన్ టో’, అంటే లాగించుకుపోతున్న బండి, అని బోర్డు పెట్టుకుని. ఆ కబుర్లు వింటున్నప్పుడు ఆ డాలీ మర్నాటికే మాకు అవసరమవుతుందని ఎవరమూ అనుకోలేదు.

తిరుగు ప్రయాణంలో దోమలపెంట దాటి, వటవర్లపల్లికి మన్ననూరుకు మధ్య అడవిలో ఉండగా మొదట బ్యాటరీ దీపం వెలిగింది, వెంటనే వేడి చూపే ముల్లు పైకి లేచింది. బానెట్ తీస్తే బెల్టు తెగి పడి ఉంది, వాటర్ పంపు బేరింగు బిగుసుకుపోయింది. మధ్యాహ్నం మూడున్నర. ఈ మార్గం అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో నుంచి పోతుంది కనుక రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు వరకు అటవీశాఖ గేట్లు మూసేస్తారు. ఫోనులో సిగ్నలు లేదు. అన్నయ్యనూ అల్లుడినీ కారు దగ్గర వదిలి, మిగతావాళ్ళం క్యారవాన్‌లో మన్ననూరు చేరాక ఫోన్లు చేయడం మొదలుపెట్టాను. మా ఆవిడ అప్పటికి పూర్తిగా మౌనం వహించింది. ముప్ఫై ఆరేళ్ళ అనుభవంతో చెబుతున్నాను, అది మంచి సూచన కాదు.

బీమా కంపెనీ ఉచిత టోయింగ్ యాభై కిలోమీటర్ల వరకే. హైదరాబాదు అక్కడికి 140 కిలోమీటర్ల దూరం. ఇంటర్నెట్‌లో దొరికిన ఒక టోయింగ్ సంస్థ ఫ్లాట్‌బెడ్, అంటే కారును మొత్తంగా పైకెక్కించుకునే లారీ, పంపుతామని, 13,500 రూపాయలవుతుందని, ముందు ఐదు వేలు కట్టాలని చెప్పింది. కట్టాను. కారు ఇన్నోవా క్రిస్టా ఆటోమేటిక్ అని రెండుసార్లు చెప్పాను, ఫ్లాట్‌బెడ్ అన్న మాటను మూడుసార్లు అడిగాను. సాయంత్రం ఆరుంబావుకు వచ్చినది మాత్రం వెనుక ఇనుప చేతులున్న మామూలు లిఫ్టింగ్ బండి. “ఏం గాదు సార్, రోజుకు నాలుగు బండ్లు ఇట్లనే గుంజుకపోతం” అంటూ, నన్ను కారు దగ్గరికి తీసుకెళ్ళిన ఆ బండి కుర్రవాడు ముందు చక్రాల కింద చేతులు దూర్చడం మొదలుపెట్టాడు.

అల్లుడు వెంటనే అడ్డుపడ్డాడు. ముందు చక్రాలు నడిచే కారైతే, అంటే మన చిన్న కార్లలో చాలావరకు, ముందు భాగాన్ని లేపి లాగితే ఏ నష్టమూ లేదు. ఇన్నోవాను నడిపేవి వెనుక చక్రాలు. అవి రోడ్డు మీద దొర్లుతున్నంతసేపూ గేర్‌బాక్సు నుంచి వెనుక చక్రాలకు శక్తిని చేర్చే పొడవాటి కడ్డీ, అంటే ప్రొపెల్లర్ షాఫ్ట్, తిరుగుతుంది, దానితోపాటు గేర్‌బాక్సు లోపలి భాగాలూ తిరుగుతాయి. ఆటోమేటిక్ గేర్‌బాక్సులో నూనెను తోసే పంపు ఇంజిను నడిస్తేనే పని చేస్తుంది కనుక, న్యూట్రల్‌లో పెట్టినా అవి నూనె అందక అరిగిపోతాయి. నూట నలభై కిలోమీటర్లు అలా లాగితే ఆరు వేల రూపాయల పంపు సమస్య లక్షల రూపాయల గేర్‌బాక్సు సమస్య అవుతుంది. కారుకు తాళం వేసి అందరం మన్ననూరు వచ్చి సంస్థకు ఫోను చేస్తే, “ఫ్లాట్‌బెడ్ ఖాళీ లేదండి, ఇదే వెళ్తుంది, నష్టానికి మా బాధ్యత ఉండదు, వద్దంటే అడ్వాన్సు రాదు” అని చదివినట్టు చెప్పారు. నాకు కోపం వచ్చింది ఆ కుర్రవాడి మీద కాదు. అతనికి ఏ కారో కూడా చెప్పకుండా పంపారు పాపం. టీ తాగించి పంపేశాం.

క్యారవాన్‌కే కట్టి లాగుదామని అన్నయ్య అన్నాడు. డ్రైవరు ససేమిరా అన్నాడు, అతని మాటే సరైనది. ఆ బండికి వెనుక కొక్కెమే లేదు, బంపరు వెనుక మురుగునీటి ట్యాంకు ఉంది, పైగా అద్దె ఒప్పందంలో దేనినీ లాగకూడదని స్పష్టంగా రాసి ఉంది.

మమ్మల్ని గట్టెక్కించినది మన్ననూరులో టీకొట్టు పక్కన కూర్చుని ఇదంతా విన్న ఒక మెకానిక్. అరవై ఏళ్ళుంటాయి. “షాఫ్ట్ ఇప్పకుంట గుంజితే గేర్‌బాక్సు ఖతం సార్. ఇప్పి గుంజితే ఏం గాదు. అచ్చంపేటల మా అన్న కొడుకు కాడ డాలీ ఉన్నది” అన్నాడు. డాలీ అన్న మాట ఆయన నోట వినగానే అల్లుడి ముఖం వెలిగిపోయింది. బొలెరో వెనుక డాలీ వచ్చేసరికి ఏడున్నర. దానితో మళ్ళీ కారు దగ్గరికి వెళ్ళాం. షాఫ్ట్ విప్పితే పార్కింగు గేరు కారును ఆపలేదు కనుక ముందు చక్రాలకు రాళ్ళు పెట్టించాడు. కిందికి దూరి, షాఫ్ట్‌నూ, దాని తిరుగుడును వెనుక చక్రాలకు పంచే డిఫరెన్షియల్‌నూ కలిపే చోట రెండింటి మీదా తెల్ల రంగుతో గీత గీశాడు. మళ్ళీ బిగించేటప్పుడు అదే స్థానంలో కూర్చోకపోతే బండి వణుకుతుందట. నాలుగు బోల్టులు విప్పి, షాఫ్ట్ కొసను తీగతో పైకి కట్టేశాడు. కారును డాలీ ఎక్కించి, పట్టీలు బిగించి, హ్యాండ్‌బ్రేక్ దించి, వెనుక అద్దానికి అట్టముక్క మీద ‘ఆన్ టో’ అని రాసి అంటించాడు. తొమ్మిదికి పది నిమిషాలుండగా మన్ననూరు గేటు దాటాం. రెండు కిలోమీటర్లు పోగానే ఆగి పట్టీలు మళ్ళీ బిగించినప్పుడు, “అమెరికాలో డాలీ పుస్తకంలో ఉన్నదే ఈయన చేస్తున్నాడు మామయ్యా” అన్నాడు అల్లుడు.

ఆ రాత్రి అచ్చంపేటలో ఒక పెట్రోలు బంకు ఆవరణలో క్యారవాన్‌లోనే పడుకున్నాం. లాడ్జి వెతుక్కునే బాధ తప్పినందుకు ఆ రోజుకు మాత్రం 17,500 దండగ అనిపించలేదు. పక్క హోటల్లో జొన్నరొట్టె, పుంటికూర పప్పు మనిషికి ఎనభై రూపాయలు. శ్రీశైలంలో రెండు రోజులు తిన్న దేనికంటే అదే బాగుంది. మా ఆవిడ మౌనం రెండో రొట్టె దగ్గర వీడింది. రాణిగంజ్‌లో పంపు, బెల్టు కొని మా మేనల్లుడు ఆర్టీసీ కార్గోలో పంపితే మర్నాడు పదకొండింటికి చేరాయి. ఈలోగా ఆటోలు మాట్లాడుకుని ఉమామహేశ్వరం చూసి వచ్చాం. కొండ అంచున ఆ గుడి, రాతి కింద నీటి చుక్కలు చూసి పిల్లలు కారు చెడిపోవడమే మంచిదైందన్నారు.

షాఫ్ట్ విప్పి బిగించినందుకు 1,200, డాలీకి, బొలెరోకి 3,000, పంపు 4,350, బెల్టు 1,180, కూలెంట్ 900, మజూరీ 1,800, కార్గో 170, మొత్తం 12,600. టోయింగ్ సంస్థ అడిగిన దానికంటే తక్కువలో కారు బాగై, దాని చక్రాల మీద అదే ఇంటికి వచ్చింది. అదనపు రోజు క్యారవాన్ అద్దె వేరు. వెనుక చక్రాలు నడిచే కారు గాని నాలుగు చక్రాలూ నడిచే కారు గాని ఉన్నవారు ఫ్లాట్‌బెడ్ వస్తుందన్న మాటను, వచ్చే బండి ఫొటోను వాట్సాప్‌లో తెప్పించుకున్న తరువాతే డబ్బు పంపండి. నేను ఫోనులో మూడుసార్లు అడిగిన ప్రశ్నకు ఇప్పుడు నా దగ్గర ఏ ఆధారమూ లేదు. సంస్థవారు మాత్రం మూడో మెయిలుకు జవాబుగా, తరువాతి టోయింగ్‌లో వాడుకోవడానికి పది శాతం తగ్గింపు కూపను పంపారు.