జాగ్రత్త: "అన్ని పికప్‌లకూ సరిపోతుంది" అనే లోయరింగ్ కిట్ కొనకండి

తిరుపతి, చిత్తూరు వైపు పాత పికప్‌ను కిందికి దించాలని చూస్తున్న అన్నలకు, తమ్ముళ్లకు ఈ హెచ్చరిక. ఆన్‌లైన్‌లో "యూనివర్సల్ లోయరింగ్ కిట్" పేరుతో ఒక డబ్బా అమ్ముతున్నారు. అందులో ఉండేవి రెండు బ్లాకులు (లోహపు దిమ్మలు), నాలుగు యూ బోల్టులు, ఎనిమిది నట్లు. మన దగ్గర టమోటా, మామిడి లోడ్లకు తిరిగే పాత పికప్‌లలో చాలావాటికి ఆ బ్లాకులు బిగిస్తే బండి దిగదు, ఇంకా పైకి లేస్తుంది. తెలిసేసరికి డబ్బు పోయి ఉంటుంది. బిగించి విప్పిన సరుకు వెనక్కి తీసుకునేది లేదని అమ్మినవాళ్లు ముఖం మీదే చెప్తున్నారు.

కారణం చాలా తేలిక. బ్లాకు ఎప్పుడూ కమాన్ కట్టకు (ఇనుప పట్టీలు పేర్చి చేసిన స్ప్రింగుకు), ఆక్సిల్‌కు (ఇరుసుకు) మధ్యలో కూర్చుంటుంది. కమాన్ ఆక్సిల్‌కు కింద ఉన్న బండిలో బ్లాకు పడితే ఆక్సిల్ పైకి, బాడీ కిందికి వస్తాయి. లోడ్ కోసం చేసిన పికప్‌లలో ఎక్కువగా కమాన్ ఆక్సిల్ పైన కూర్చుని ఉంటుంది. అక్కడ రెండంగుళాల బ్లాకు వేస్తే బాడీ రెండంగుళాలు లేస్తుంది. అందుకే డబ్బు కట్టకముందే వెనక చక్రం పక్కన బండి కిందికి దూరి చూడండి. కమాన్ పైన ఉందా, ఆక్సిల్ పైన ఉందా అన్నది టార్చి వేస్తే అర నిమిషంలో తేలిపోతుంది. ఫోటో తీసి అమ్మేవాళ్లకు పంపండి, "ఈ బండి ఎన్ని అంగుళాలు దిగుతుంది" అని రాతలో అడగండి. రాసివ్వకపోతే కొనొద్దు.

పొడవు షాకిళ్ల సంగతీ ఇంతే. షాకిల్ అంటే కమాన్ చివరి కన్నును ఛాసిస్‌కు (బండి కింది ఫ్రేముకు) కలిపే ఇనుప లింకు. ఛాసిస్ నుంచి షాకిల్ కిందికి వేలాడుతూ కమాన్ కన్నును పట్టుకుని ఉంటే, పొడవు పెంచితే బండి లేస్తుంది. అదీ పెంచినదాంట్లో సగమే: రెండంగుళాలు పెంచితే ఆక్సిల్ దగ్గర ఒక అంగుళం.

బండి లేచిందని ఫోన్ చేస్తే అమ్మినవాళ్లు చెప్పే మాట ఇంకా ప్రమాదం: "కమాన్‌ను ఆక్సిల్ కిందికి మార్చెయ్యండి." ఇది బోల్టులు విప్పి బిగించే పని కాదు. ఆక్సిల్ గొట్టానికి కొత్త సీట్లు (కమాన్ కూర్చునే ప్లేట్లు) వెల్డింగ్ చేయాలి. గొట్టం మందం, కమాన్ కట్ట మందం కలిపి బండి ఒక్కసారిగా అయిదారంగుళాలు దిగుతుంది. ఇప్పుడు లెక్క వేయండి. ఖాళీ బండిలో ఆక్సిల్‌కు, అది ఛాసిస్‌కు తగలకుండా ఆపే బంప్ స్టాప్ రబ్బరుకు మధ్య ఏడంగుళాలు ఉందనుకుందాం. అందులో అయిదు పోతే మిగిలేది రెండు. లోడ్ ఎక్కితే కమాన్ మూడంగుళాలు వంగే బండి అయితే, కదలకముందే ఆక్సిల్ రబ్బరు మీద కూర్చుంటుంది. ఆ తర్వాత ప్రతి గుంతా నేరుగా ఛాసిస్‌కు కొడుతుంది. దానికి విరుగుడుగా ఛాసిస్‌ను ఆక్సిల్ పైన అర్ధచంద్రంలా కోసి, చుట్టూ ఛాసిస్ అంత మందమైనా ఉన్న ప్లేటు వేయాలి. గ్యాస్ కటింగ్‌తో కోసి ఊరికే వదిలేస్తే కోత అంచున మొదలైన పగులు ఛాసిస్ అంతా పాకుతుంది. పాత బండిలో లోపల తుప్పు కూడా ఉంటుంది, మరిచిపోవద్దు.

సీట్లు వెల్డింగ్ చేసేటప్పుడు పినియన్ కోణం (ప్రొపెల్లర్ షాఫ్ట్ ఆక్సిల్‌లోకి కలిసే చోటి వాలు) అదే ఉంచాలి. అది తప్పితే ప్రొపెల్లర్ షాఫ్ట్ వణుకుతుంది, దాని చివర్ల కీళ్లయిన క్రాస్‌లు తొందరగా పోతాయి. వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ నెగటివ్ తీయండి. ఒకేచోట ఎక్కువసేపు కాలిస్తే గొట్టం వంగుతుంది.

ఈ కిట్‌లో అసలు ప్రాణం తీసేది రంధ్రం కొలత. ఆక్సిల్ తన చోటు నుంచి జరగకుండా పట్టేది కమాన్ పట్టీలను మధ్యలో కలిపి పట్టే సెంటర్ బోల్ట్ తల. అది బ్లాకు రంధ్రంలో బిగుతుగా కూర్చోవాలి. అన్నిటికీ సరిపోవాలని రంధ్రం పెద్దగా చేశారు. వదులుగా ఉంటే బ్రేకు వేసిన ప్రతిసారీ ఆక్సిల్ ముందుకూ వెనక్కూ కొట్టుకుంటుంది, చివరకు సెంటర్ బోల్ట్ తెగుతుంది. మొగిలి ఘాట్ దిగుతున్నప్పుడు అది తెగితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. బ్లాకు మీద బ్లాకు, మధ్యలో చెక్క ముక్క, ఈ రెండూ ఏ కారణానికీ వద్దు. పాత యూ బోల్టులు మళ్లీ వాడొద్దు, ఒకసారి సాగినవి పట్టు నిలపవు. కొత్తవి టార్క్ రెంచితో (బిగింపు ఎంతో కొలిచే రెంచితో) బిగించి, వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ బిగించాలి. నట్టు పైన రెండు మూడు మరలైనా కనిపించాలి.

బ్రేకు విషయం చాలామంది ఫిట్టర్లు చూడరు. కొన్ని పికప్‌లలో వెనక ఆక్సిల్ నుంచి ఛాసిస్ మీది వాల్వుకు ఒక కడ్డీ ఉంటుంది. బాడీ, ఆక్సిల్ దగ్గరైతే లోడ్ ఎక్కిందని ఆ వాల్వు వెనక బ్రేకులకు ప్రెషర్ పెంచుతుంది. బండి దించి కడ్డీ సరిచేయకపోతే ఖాళీ బండికి కూడా లోడ్ బ్రేకు పడుతుంది. వాన రోడ్డు మీద వెనక చక్రాలు బిగుసుకుని బండి తిరిగిపోతుంది.

ముందు భాగానికి ఈ డబ్బాలో ఏమీ రాదు. టార్షన్ బార్ (మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే కడ్డీ) ఉంటే బోల్టు వదులు చేసి దించేస్తారు, కాయిల్ స్ప్రింగ్ అయితే గ్యాస్‌తో కాల్చి కుదిస్తారు. కాల్చిన స్ప్రింగ్ పదును పోయి కుంగిపోతుంది, ఆ పని ఎవరితోనూ చేయించుకోకండి. టార్షన్ బార్ కొంచెం దించినా ఆ రోజే వీల్ అలైన్‌మెంట్ చేయించాలి, లేదంటే టైర్ల లోపలి అంచు తినేస్తుంది.

చట్టం కూడా చూసుకోండి. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్ మార్చకూడదు. అనుమతి లేని మార్పుకు సెక్షన్ 182ఎ కింద యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడొచ్చు. ఎనిమిదేళ్లు దాటిన గూడ్స్ బండికి ఏటా ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) కావాలి, అక్కడ ఆక్సిల్ మీది కొత్త వెల్డింగ్ దాగదు. యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ వాళ్లు ముందు పట్టుకునేదీ ఇలాంటి మార్పునే.

సెకండ్ హ్యాండ్‌లో ఇప్పటికే దించిన పికప్ కొంటున్నవాళ్లు ఆక్సిల్ సీట్ల దగ్గర కొత్త పెయింటు, పగిలిన బంప్ స్టాప్ రబ్బర్లు, ఛాసిస్ మీద ఆక్సిల్ కొట్టిన గుర్తులు, కమాన్‌కో టైరుకో రాసుకుంటున్న బ్రేకు హోసు చూడండి. రెండు వైపులా వెనక చక్రం మధ్య నుంచి ముందు చక్రం మధ్యకు టేపు పట్టండి. స్టీరింగ్ నేరుగా ఉంచి కొలిచాక రెండు వైపులకూ తేడా కనిపిస్తే ఆక్సిల్ జరిగిందన్న అనుమానంతోనే యూ బోల్టులు విప్పించి సెంటర్ బోల్ట్ చూపించమని అడగండి. ఒప్పుకోకపోతే ఆ బండి వదిలేయండి.