కాకినాడ నుంచి మిలిటరీ మాధవరం దాకా: డెల్టాలో ప్రపంచ యుద్ధం ఆనవాళ్ళు

కొబ్బరి తోటలు, హౌస్‌బోట్లు, పూతరేకుల కోసం గోదావరి జిల్లాలకు వెళ్ళేవాళ్ళకు ఇది పెద్దగా ఉపయోగపడదు. నేనూ మా తమ్ముడూ వెళ్ళింది రెండో ప్రపంచ యుద్ధం ఈ డెల్టా మీద ఏ గుర్తులు వదిలిందో చూద్దామని. ముందే చెప్పేస్తున్నా, ఇక్కడ చూడ్డానికి ఉన్నది తక్కువ, వినాల్సింది ఎక్కువ. బాంబులు పడ్డ కాకినాడ కంటే ఒక్క బాంబూ పడని కోరంగి, తాళ్ళరేవు వైపు ఊళ్ళే ఎక్కువ పోగొట్టుకున్నాయి.

కాకినాడకు ఒక పూట చాలు. 1942 ఏప్రిల్ 6న ర్యూజో అనే జపాన్ విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు విశాఖ మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. ఊళ్ళో జరిగిన నష్టం కొద్దిదే గానీ, ఆ రోజుల్లోనే బంగాళాఖాతంలో ఇరవైకి పైగా సరుకు ఓడలు మునిగాయి. విశాఖలో, మద్రాసులో జనం మూటాముల్లె సర్దుకుని లోపలి ఊళ్ళకు పరుగులు తీశారు. ఇంతకీ జపాన్ మన తీరం దాకా ఎందుకొచ్చినట్టు? 1937 నుంచి చైనాతో యుద్ధంలో ఇరుక్కుపోయిన దేశం అది, 1941లో దక్షిణ ఇండోచైనాలోకి (ఇప్పటి వియత్నాం, కంబోడియా వైపు) సైన్యాన్ని దింపితే అమెరికా చమురు ఆపేసింది, దాంతో చమురు కోసం డచ్చివాళ్ళ ఇండోనేసియా దీవుల మీదా, చమురూ బియ్యమూ ఉన్న, చైనాకు ఆయుధాలు వెళ్ళే రోడ్డు కూడా ఉన్న బర్మా మీదా పడింది. బర్మా రాజధాని రంగూన్‌కు తన సైన్యం సముద్రం మీద క్షేమంగా చేరాలంటే బంగాళాఖాతంలో బ్రిటిష్ ఓడలు తిరక్కూడదు. కాకినాడ మీద బాంబుల వెనక ఉన్న లెక్క అది.

పోర్టు వైపు, కమర్షియల్ కాలువ గట్టున ఎంత తిరిగినా ఈ సంగతి చెప్పే బోర్డు ఒక్కటీ మాకు కనబడలేదు. అప్పట్లో పెద్ద ఓడలు దూరంగా సముద్రంలో లంగరేసుకుని ఉంటే సరుకూ మనుషులూ పడవల మీద ఈ కాలువ గుండానే వెళ్ళేవాళ్ళు. పేలని బాంబును కళ్ళారా చూడాలంటే మాత్రం విశాఖ మ్యూజియానికి వెళ్ళాల్సిందే.

బస గురించి. బస్టాండు దగ్గర దిగిన లాడ్జిలో ఆన్‌లైన్‌లో ఒక రేటు, కౌంటర్ దగ్గర ఇంకో రేటు. ఏసీ వాడితే అదనం అని గదిలోకి వెళ్ళాక చెప్పారు. దుప్పట్లు మార్చమని అడిగితే గానీ మార్చలేదు. తిండికి మాత్రం వంక పెట్టలేం, అరిటాకు భోజనం ఎక్కడ తిన్నా బాగుంది.

కోరంగి ఈ యాత్రలో అసలైన చోటు. అందరూ మడ అడవుల కోసం వస్తారు. చెక్క వంతెన శుభ్రంగా ఉంది, పొద్దున్నే వెళ్తే మనుషులూ తక్కువ. బోటు షికారు నీటి పోటును బట్టి ఉంటుంది, అందుకని టికెట్ తీసే ముందే బోటు ఎప్పుడు కదులుతుందో గట్టిగా అడగండి, మేం గంటన్నర కూర్చున్నాం. అయితే కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. 1839 తుఫాను దెబ్బకు మళ్ళీ కోలుకోలేదు. బర్మా వెళ్ళిన తెలుగు కూలీలను అక్కడ కోరంగీలనే పిలిచేవాళ్ళు, రేవు పోయాక కాకినాడలో, విశాఖలో ఓడెక్కినా ఆ పేరు పోలేదు. రంగూన్ రేవులో బస్తాలు మోసింది, రిక్షాలు లాగింది, బియ్యం మిల్లుల్లో చాకిరీ చేసింది చాలావరకు మనవాళ్ళే. 1931 నాటికి రంగూన్ జనాభాలో సగానికి పైగా భారతీయులు.

1941 డిసెంబరు 23న రంగూన్ మీద బాంబులు పడ్డాయి. రేవు కూలీలు ఊరొదిలి పారిపోయారు, ఓడల్లో సరుకు దింపే దిక్కు లేకపోయింది. 1942 మార్చి 8కి రంగూన్ జపాన్ చేతిలో ఉంది. ఓడ దొరికినవాళ్ళు ఓడలో వచ్చారు, దొరకనివాళ్ళు అడవుల్లో, కొండల్లో నడక మొదలుపెట్టారు. అరకాన్ కనుమలు దాటి చిట్టగాంగ్ వైపు కొందరు, తము అనే సరిహద్దు ఊరి మీదుగా మణిపూర్‌కు కొందరు, హుకాంగ్ లోయలోంచి అస్సాంకు కొందరు. మొత్తం సుమారు అయిదు లక్షల మంది. కలరా, మలేరియా, ఆకలి. దారిలో పోయినవాళ్ళ అంచనాలు పదివేల దగ్గర మొదలై యాభై వేలు దాటతాయి. సరైన లెక్క ఎవరూ రాయలేదు, ఎందుకంటే వాళ్ళు సైనికులు కారు, కూలీలు.

తాళ్ళరేవు దగ్గర ఒక ఇంటి అరుగు మీద మంచినీళ్ళు అడిగితే, మజ్జిగ కలిపిచ్చిన మామ్మగారు మేం దేనికి తిరుగుతున్నామో విని తన మామగారి సంగతి చెప్పింది. రంగూన్ రేవులో పని, యుద్ధానికి ముందు ఒకసారి వచ్చి వెళ్ళాడట, ఆ తర్వాత కబురు లేదు.

"మా అత్తగారు పోయేదాకా బొట్టు తియ్యలేదు బాబూ. ఉన్నాడో పోయాడో చెప్పినవాడెవడు? తద్దినం పెడదామంటే తిథి ఉండాలిగా."

"మరి ఏం చేశారండీ?"

"ఆవిడ పోయాకే మా ఆయన మహాలయ అమావాస్యకి పెట్టడం మొదలెట్టాడు. ఆవిడుండగా పెడతానంటే ఊరుకునేదా?"

యానాంలో రాత్రి బస హాయిగా గడిచింది. నది ఒడ్డు గది, రేటు కాకినాడకంటే కాస్త ఎక్కువ, పెట్టొచ్చు. యుద్ధ కాలంలో ఇది ఫ్రెంచివాళ్ళది. ఫ్రాన్స్ జర్మనీకి లొంగిపోయినా పాండిచ్చేరి గవర్నర్ బోన్వాఁ 1940లో బ్రిటన్‌తో కలిసి జర్మనీ మీద పోరాడుతున్న డిగాల్ పక్షం చేరాడు కాబట్టి ఇక్కడ గొడవ రాలేదు.

అక్కడి నుంచి రావులపాలెం, తణుకు మీదుగా తాడేపల్లిగూడెం. బస్సులు మారాలి, మధ్యాహ్నం పూట నరకం, పొద్దున్నే బయల్దేరండి. దారంతా వరి చేలే. బర్మా బియ్యం ఆగిపోయినప్పుడు ఈ వరికి ఎంత గిరాకీ వచ్చి ఉంటుందో అనుకుంటూ కూర్చున్నా. 1943లో బెంగాల్‌లో సుమారు ముప్పై లక్షల మంది కరువుకు చచ్చిపోయారు. పంట పూర్తిగా పోయి కాదు. బర్మా బియ్యం రాలేదు, జపాన్‌కు దొరక్కూడదని సర్కారు పడవలూ ధాన్యమూ లాగేసుకుంది, ధరలు పేదవాడికి అందకుండా పోయాయి. అలాంటి చావును యుద్ధం లెక్కలో రాయకపోతే ఇంకెక్కడ రాస్తారు?

తాడేపల్లిగూడెంలో యుద్ధకాలపు రన్‌వే కోసం ప్రత్యేకం వెళ్ళక్కర్లేదు, ఊళ్ళో ఉంటే ఒక పావుగంట చూడండి. మిలిటరీ మాధవరం మాత్రం వదలొద్దు. ప్రపంచ యుద్ధాలు రెండింటికీ కలిపి ఈ ఊరు నుంచి వందల మంది వెళ్ళారు. ఆటో మాట్లాడుకుని వెళ్ళాం, రానూపోనూ ముందే బేరం చేసుకోవడం మంచిది. ఊళ్ళో అమరవీరుల స్మారకం ఉంది, చక్కగా చూసుకుంటున్నారు. 1939 సెప్టెంబరు 3న వైస్రాయ్ లిన్‌లిత్‌గో మన నాయకుల్లో ఒక్కర్నీ అడక్కుండా భారతదేశాన్ని యుద్ధంలోకి దింపాడు, దానికి నిరసనగా మద్రాసులో రాజాజీ మంత్రివర్గం రాజీనామా చేసింది. అయినా పాతిక లక్షల మంది సైన్యంలో చేరారు, 87 వేల మంది పోయారు. ఎందుకు చేరారని అక్కడ కూర్చున్న రిటైర్డ్ సుబేదారు బాబాయిగారిని అడిగాను.

"జీతం, తిండి, ఊళ్ళో పరువు. ఇంకేం కావాలండి? మా నాన్నగారు బర్మా సరిహద్దులో చేశారు. యుద్ధం కబుర్లు చెప్పేవారు కాదు. వానాకాలం వస్తే మటుకు మా పిల్లలందర్నీ వరసగా కూర్చోబెట్టి కాలివేళ్ళ సందులు చూసేవారు, పుండు పడిందేమోనని."

1943లో ఆ సరిహద్దులో గాయాలతో వెనక్కి తెచ్చిన ఒక్కో సైనికుడికి, జబ్బుతో తెచ్చినవాళ్ళు 120 మంది. ఈ లెక్క పుస్తకంలో ఎప్పుడో చదివాను, దాని అర్థం ఆ బాబాయిగారి మాటల్లో తెలిసింది.

ఒక్కరోజే ఉంటే కోరంగి, తాళ్ళరేవు చూసి యానాంలో పడుకోండి. రెండో రోజు ఉంటే మాధవరం. అక్కడ బస దొరకదు, తాడేపల్లిగూడెం స్టేషన్ దగ్గర గది తీసుకోండి. టూరిజం వాళ్ళు కాకినాడ కాలువ గట్టున రంగూన్ వెళ్ళినవాళ్ళ గురించి ఒక బోర్డు పెడితే బాగుండును. అడగాల్సినవాళ్ళు ఎనభైల్లో ఉన్నారు, వెళ్ళేవాళ్ళు ఫోన్‌లో రికార్డు చేసుకుని రండి, ముందు వాళ్ళ అనుమతి తీసుకుని.